జతబడికి ఉత్తరం: ఆన్‌లైన్‌లో రెండు తరగతులను కలపడం ఎలా

ఎనిమిదో తరగతి పిల్లలను ‘మీ సంస్కృతి గురించి రాయండి’ అని అడిగి చూడండి. నలభై కాగితాలు వస్తాయి. చదివితే నలభైలోనూ ఉన్నది ఒకటే వ్యాసం. ‘భిన్నత్వంలో ఏకత్వం’ అని మొదలై, చార్మినార్, బిర్యానీ, బతుకమ్మ మీదుగా సాగి, ‘మన సంప్రదాయాలను మనమే కాపాడుకోవాలి’ దగ్గర ఆగుతుంది. ఇందులో పిల్లల తప్పు లేదు. ఆ కాగితాలు దిద్దే నాకు చార్మినార్ తెలుసని, బతుకమ్మ తెలుసని వాళ్లకు తెలుసు. తెలిసినవాళ్లకు ఎవరైనా కొత్తగా ఏం చెబుతారు?

అదే కాగితం మన వీధిని ఎన్నడూ చూడని పిల్లవాడి చేతికి వెళ్తుందంటే రాత మారిపోతుంది. హైదరాబాద్‌లో తెలుగు పాఠం చెప్పుకునే నేను కొన్నేళ్లుగా ఏటా ఒక తరగతిని మరో ఊరి తరగతితో ఆన్‌లైన్‌లో కలుపుతున్నాను. అలా మాతో జతకట్టే బడినే జతబడి అంటున్నాను. మొదట శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు ఒక బడితో, తర్వాత మారిషస్‌లో తెలుగు నేర్చుకుంటున్న పిల్లలతో. చేసిన తప్పులు కూడా కలిపి చెబుతాను, మీకు పనికొస్తాయి.

ఇది కంప్యూటర్లతో పుట్టిన ఆలోచన కాదు. 1920ల్లోనే ఫ్రాన్స్‌లో సెలెస్టిన్ ఫ్రెనే అనే బడిపంతులు తన తరగతి గదిలో చిన్న అచ్చుయంత్రం పెట్టించాడు. పిల్లలు తాము రాసుకున్నవి తామే అచ్చు వేసి, దేశానికి ఆ కొసన ఉన్న బ్రిటనీ సముద్రతీరపు బడికి టపాలో పంపేవారు. అటునుంచి వాళ్ల రాతలు వచ్చేవి. మనకు ఇప్పుడు కలిసొచ్చింది టపా ఖర్చు, ఎదురుచూసే రోజులు. మిగతా పనంతా ఆయన చేసిందే.

జతబడిని వెతకడం

బడిని కాదు, టీచర్‌ను వెతకండి. ఇద్దరు ప్రధానోపాధ్యాయులు ఒప్పుకుని, ఇద్దరు టీచర్లకు ఇష్టం లేకపోతే ఆ పని మొదటి ఉత్తరంతోనే ఆగిపోతుంది. శిక్షణ తరగతుల్లో పరిచయమైనవాళ్లు, బదిలీ అయి వెళ్లిన సహోద్యోగులు, బంధువుల్లో ఉపాధ్యాయులు... ముందు మీ ఫోనులోనే వెతకండి. విదేశీ బడి కావాలంటే 1988లో మొదలైన ఐఎర్న్ వంటి వేదికలున్నాయి. అమెరికా, అప్పటి సోవియట్ యూనియన్ బడులను కలపడంతో మొదలైన సంస్థ అది. కానీ మొదటి ఏడాదే విదేశం వద్దని నా సలహా. తెలుగు పిల్లలకు తెలుగు పిల్లలే ఎంత కొత్తగా ఉంటారో ముందు చూడండి. మా వాళ్లు ‘నల్లా’ అని రాస్తే ఉద్దానం పిల్లలకు అర్థం కాలేదు. వాళ్లు ‘కుళాయి’ అంటే మావాళ్లు నవ్వారు. పుంటికూర, గోంగూర ఒకటేనని తేలడానికి రెండు ఉత్తరాలు పట్టింది. ఆలుగడ్డకు, బంగాళాదుంపకు మధ్య జరిగిన యుద్ధం ఇంకా ముగియలేదు.

ఫోనులో ఆ టీచర్‌ను అడగవలసినవి కొన్నే: ఏ తరగతి, ఎంతమంది, పరీక్షలెప్పుడు, కంప్యూటర్ గది నిజంగా తెరుచుకుంటుందా, బోర్డు మీదే ఉంటుందా. వాళ్ల దగ్గర ఇరవై ఏడుగురు, మీ దగ్గర నలభై ఇద్దరు ఉన్నా ఫర్వాలేదు. మీ పిల్లలు ముగ్గురికి వాళ్ల పిల్లలు ఇద్దరు చొప్పున చిన్న జట్లు చేయండి. ఒకరికి ఒకరు అని మాత్రం కట్టకండి. అటువైపు ఒక పిల్లవాడు జ్వరంతో పది రోజులు రాకపోతే, ఇటువైపు ఒకరు ఉత్తరం రాలేదని మొహం వేలాడేసుకుని కూర్చుంటారు. పదమూడేళ్ల వయసులో ఆ నిరాశ చిన్నది కాదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి

తెలంగాణలో బడులు జూన్ 12న తెరుస్తారు. పుస్తకాలు అందడం, కొత్తవాళ్లు చేరడం సద్దుమణిగాక జూలైలో మొదలుపెట్టి దసరా సెలవులకు ముందు ముగించండి. ఆరేడు వారాలు, మూడు ఉత్తరాలు. అంతకంటే పొడుగైతే ఉత్సాహం చప్పబడుతుంది. ఈ కాలంలోనే ఆషాఢం వస్తుంది. గోల్కొండలో మొదలైన బోనాలు సికింద్రాబాద్, లాల్‌దర్వాజ వరకు వారం వారం జరుగుతాయి కాబట్టి రాయడానికి పిల్లల కళ్లముందే సరుకుంటుంది.

విదేశీ బడి అయితే గడియారాలు చూసుకోండి. మారిషస్ మనకంటే గంటన్నర వెనుక, మలేసియా రెండున్నర గంటలు ముందు. లండన్‌తో తేడా వేసవిలో నాలుగున్నర గంటలు, చలికాలంలో ఐదున్నర. అయినా దీనికోసం పెద్దగా బెంగ పడనక్కర్లేదు. ఉత్తరాలకు గడియారంతో పనిలేదు.

తల్లిదండ్రుల సంతకం

ఇది తప్పించుకోకూడని మెట్టు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. వాళ్ల సమాచారాన్ని వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. చట్టం సంగతి అలా ఉంచినా, బిడ్డ రాసింది ఎక్కడికి వెళ్తుందో తెలుసుకునే హక్కు తల్లికి ఉంది. అర పేజీ లేఖ రాయండి: ఏ బడితో, ఎన్ని వారాలు, ఎవరు చదువుతారు, ఏవి పంపం. మా బడిలో తెలుగు, ఉర్దూ రెండింట్లోనూ రాశాం. చదవలేనివాళ్లకు సమావేశంలో పైకి చదివి వినిపించాం. సంతకం పెట్టని ముగ్గురి పిల్లలను బయట కూర్చోబెట్టలేదు. వాళ్లూ రాశారు, కాకపోతే పేరు లేకుండా తరగతి మొత్తం తరఫున వెళ్లే ఉత్తరంలో.

పిల్లలతో పెట్టుకున్న కట్టుబాటు ఇది: ఇంటిపేరు వద్దు, ఇంటి నంబరు వద్దు, ఫోను నంబరు వద్దు, మొహాలు కనిపించే ఫొటోలు వద్దు. ఇంత చెప్పినా ఒక అబ్బాయి రాశాడు: ‘మా ఇల్లు ఫలానా గుడి వెనక సందులో మూడోది. అమ్మానాన్న ఎనిమిదింటికి గాని రారు. అప్పటిదాకా తమ్ముడూ నేనే ఉంటాం.’ రాతగా చూస్తే ఆ వారం వచ్చిన కాగితాల్లోకెల్లా మంచిది. మేం కూర్చుని గుడి పేరు తీసేశాం, మూడో ఇల్లు తీసేశాం, ఎనిమిది గంటలూ తీసేశాం. తమ్ముడు మిగిలాడు, సాయంత్రం చీకటి పడటం మిగిలింది, తలుపు చప్పుడైతే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం కొత్తగా వచ్చి చేరింది. ప్రతి ఉత్తరాన్నీ పంపే ముందు మీరు ఒకసారి చదవాల్సింది ఇందుకే. తప్పులు దిద్దడానికి కాదు.

పరికరాలు: తక్కువైతేనే మేలు

ఒక స్మార్ట్‌ఫోను, ఇద్దరు టీచర్లకూ అందుబాటులో ఉండే ఒక గూగుల్ డాక్స్ పత్రం. ఇంతే చాలు. పిల్లలకు విడిగా ఖాతాలు తెరవకండి, వాట్సాప్ గ్రూపు అసలే వద్దు. పిల్లలు ముందు కాగితం మీద రాయాలి. జట్టులో ఒకరు టైపు చేయాలి. టైపింగ్ రానివాళ్లు వాయిస్ టైపింగ్‌తో తెలుగులో చెప్పవచ్చు. అది ‘సకినాలు’ను ఏవేవో పదాలుగా రాస్తుంది, దిద్దుకోవడంలో పిల్లలకు అక్షరాలు వాటంతటవే వస్తాయి. వీలు లేకపోతే కాగితాన్ని ఫొటో తీసి పెట్టండి. దస్తూరీ చూడటం అటువైపు వాళ్లకు ఎంతో ఇష్టం.

డీటీపీ సెంటర్‌లో టైపు చేయించే ఆలోచన ఉంటే ఒక్క మాట. అను ఫాంట్లలో చేసిన తెలుగు మరో కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులుగా కనిపిస్తుంది. ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లో కావాలని ముందే చెప్పండి. మేం చెప్పలేదు. పదకొండు ఉత్తరాలు మళ్లీ టైపు చేసుకున్నాం.

టైపు చేయడం అయ్యాక, చదవడానికి పిల్లలు పత్రాన్ని తెరిచేటప్పుడు వ్యాఖ్యలు రాసే అనుమతి మాత్రమే ఇవ్వండి. దిద్దే అనుమతి ఇచ్చిన ఏడాది ఎవరి వేలు ఎక్కడ తగిలిందో గాని ఒక జట్టు రాసిందంతా మాయమైంది. పాత రూపాలను చూపే వెర్షన్ హిస్టరీ ఉంటుందని ఆ పూటే నేర్చుకున్నాను, చెమటలు పడుతుండగా.

మొదటి ఉత్తరం

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి, కనీసం మూడు పీరియడ్లు. బోర్డు మీద నాలుగు మాటలు రాసి కొట్టేయండి: సంస్కృతి, సంప్రదాయం, ఘనంగా, ప్రసిద్ధి. ఈ నాలుగూ లేకుండా రాయాలి. మొదట పిల్లలు గోల చేస్తారు. ‘మరి ఏం రాయాలి మేడం?’ అంటారు. అప్పుడు చిన్న పని ఇవ్వండి: రేపు పొద్దున మీ గుమ్మం దగ్గర ఐదు నిమిషాలు నిలబడండి. ఏం వినిపించింది, ఏ వాసన వచ్చింది, ఎవరు వెళ్లారు, ఏది ఎంతకు అమ్మారు? రాసుకుని రండి.

తేడా చూపడానికి ఒక ఉదాహరణ. ఒక అమ్మాయి మొదట రాసింది: ‘బోనాలు తెలంగాణ రాష్ట్ర పండుగ. ఆషాఢ మాసంలో మహిళలు భక్తిశ్రద్ధలతో అమ్మవారికి బోనం సమర్పిస్తారు.’ అందులో ఒక్క అబద్ధం లేదు. ఆ అమ్మాయీ లేదు. ‘మీ ఇంట్లో కుండ ఎవరు పట్టుకున్నారు?’ అని మాత్రం అడిగాను. మర్నాడు ఇలా తెచ్చింది:

‘నాయనమ్మ కుండకు పసుపు పూసింది. నేను కుంకుమ బొట్లు పెట్టాను. ఒక బొట్టు కిందికి జారింది. తుడిచేస్తానంటే నాయనమ్మ వద్దంది. పిల్ల పెట్టిందని అమ్మవారికి తెలుస్తుందిలే అంది. వరసలో రెండు గంటలు నిలబడ్డాం. నాయనమ్మ తల మీది కుండ కదలలేదు. నా కాళ్లే కదిలాయి.’

ఒక హెచ్చరిక. హైదరాబాద్ తరగతి అంటే ఒకే ఇంటి పిల్లలు కారు. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడేవారు, లంబాడీ, మరాఠీ మాట్లాడేవారు, పాలమూరు నుంచి మేస్త్రీ పనికి వచ్చినవారి పిల్లలు ఒకే బెంచీ మీద ఉంటారు. బార్కస్‌లో అరబ్బు పూర్వీకులున్న కుటుంబాలున్నాయి. ఏసీ గార్డ్స్‌లో ఒకప్పటి నిజాం ఆఫ్రికన్ దళం వారసులు ఉన్నారు. పెళ్లిళ్లలో వినిపించే మర్ఫా వాయిద్యం వాళ్ల పుణ్యమే. అందుకని ‘అందరూ బోనాల గురించి రాయండి’ అనకండి. అలాగే ఒక పిల్లవాడి వైపు తిరిగి ‘మీవాళ్లు రంజాన్‌కు ఏం చేస్తారో చెప్పు’ అనీ అనకండి. పన్నెండేళ్లవాడి నెత్తిన ఒక మతాన్నంతా ఎత్తి పెట్టినట్టవుతుంది. ‘మీ ఇంట్లో’ అని అడగండి. ఒక అబ్బాయి పండుగ ఊసే లేకుండా తన తండ్రి నడిపే ఆటో సీటు చిరుగు గురించి పేజీ నిండా రాశాడు. దాన్నీ పంపాం.

ఇంటి మాటలను కొట్టేయకండి. సకినాలు, సర్వపిండి, అమ్మీ, యాడీ అలాగే ఉండనివ్వండి. పక్క వాక్యంలో అదేమిటో తెలిసేలా రాయమనండి. పత్రం చివర రెండు తరగతులూ కలిసి పదాల పట్టిక పెంచుకోవచ్చు. మాది అరవై మాటలు దాటింది.

ప్రశ్న వస్తేనే ఉత్తరం అందినట్టు

చాలామంది జతబడి పనిని ఇక్కడే పాడుచేస్తారు. అటు నుంచి ఉత్తరాలు వస్తాయి, ఇక్కడ పైకి చదువుతారు, చప్పట్లు కొడతారు, ‘చాలా బాగుంది’ అని జవాబు పంపుతారు. అంతటితో సరి. ‘చాలా బాగుంది’ని కూడా కొట్టేసిన మాటల పక్కన చేర్చండి. ప్రతి జవాబులో రెండే ఉండాలి: చదువుతుంటే నా కళ్లకు కట్టింది ఒకటి, నాకు తెలియక అడుగుతున్నది ఒకటి.

నాయనమ్మ బోనం ఉత్తరానికి ఉద్దానం నుంచి వచ్చిన ప్రశ్న: ‘ఆ కుండలో అన్నం తర్వాత ఏమవుతుంది? ఎవరు తింటారు?’ ఆ అమ్మాయికి తెలియదు. ఏటా తింటూనే ఉంది గాని, అది ఆ అన్నమేనని ఎప్పుడూ అనుకోలేదు. నాకు తెలిసినా చెప్పలేదు, ఇంటికి పంపాను. కొంత అమ్మవారి ముందు పెట్టి, మిగిలింది ఇంటికి తెచ్చుకుని అందరూ తింటారని, పక్కింటికీ పంపుతారని నాయనమ్మ చెప్పిందట. తన చిన్నప్పుడు నల్లగొండ వైపు పల్లెలో ఏటా కుమ్మరి ఇంటి నుంచి కొత్త కుండ వచ్చేదని, ఇప్పుడు వాడుతున్నది పదేళ్ల నాటి ఇత్తడి బిందె అని కూడా చెప్పింది. రెండో ఉత్తరం అంతా ఆ బిందె గురించే.

అటునుంచి ఒక అమ్మాయి జీడి పిక్కలు కొట్టే పని గురించి రాసింది. తొక్కలోని జీడి నూనె తగిలితే చర్మం కాలుతుంది, అందుకని వాళ్లమ్మ ముందే చేతులకు నూనె రాసుకుంటుంది, అయినా వేళ్లు నల్లబడ్డాయి. మా తరగతిలో అల్లరికి పేరుపడ్డ ఒకడు అడిగిన ప్రశ్న: ‘మీ అమ్మ అన్నం కలిపి పెడితే ఆ వాసన వస్తుందా?’ పంపాలా వద్దా అని ఒక పూట తటపటాయించాను. పంపాను. జవాబు వచ్చింది: ‘వస్తుంది. సెలవులకు అమ్మమ్మ ఇంటికి వెళ్తే ఆ వాసన లేక అన్నం సయించదు.’

ఉత్తరానికి జవాబు గడువు పది రోజులు, అంతకు మించనివ్వకండి. అటువైపు ఆలస్యమైతే ఫోను చేసి అడగండి. పరీక్షలు, ఎన్నికల డ్యూటీ, వర్షాలు... ఏదో ఒకటి ఉంటుంది. ఈలోగా మీ పిల్లలను ఖాళీగా ఉంచకుండా అందుకున్న ఉత్తరంలోని చోటును పటంలో వెతికించండి.

మూడో ఉత్తరానికి ఒకే విషయం ఇవ్వండి. మేం ‘నీళ్లు’ ఎంచుకున్నాం. మా వాళ్లు రోజు విడిచి రోజు వచ్చే నల్లా గురించి, ట్యాంకర్ దగ్గర బిందెల వరస గురించి రాశారు. ‘మీ నల్లాలోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?’ అన్న ప్రశ్న మమ్మల్ని చాలా దూరం తీసుకెళ్లింది: 1908 మూసీ వరద, ఆ తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, తర్వాత మంజీరా, ఇప్పుడు కృష్ణా, గోదావరి. అటునుంచి వచ్చిన ఉత్తరాలు వేరు. ఉద్దానంలో ఏళ్లుగా మూత్రపిండాల వ్యాధి ఉంది. ఊరి బావి నీళ్లంటే భయపడే ఇళ్లున్నాయి. ఒక పిల్లవాడు తన తాతను డయాలిసిస్‌కు తీసుకెళ్లే బస్సు గురించి రాశాడు. అక్కడి టీచర్ నాకు ముందే ఫోను చేశారు. ‘పంపమంటావా అని వాణ్ణి రెండుసార్లు అడిగాను, పంపమన్నాడు’ అన్నారు. ఇలాంటి ఉత్తరం వస్తే తరగతిలో పైకి చదవకండి. జట్టులోని ముగ్గురికే ఇవ్వండి. జవాబుకు తొందర పెట్టకండి. మా ముగ్గురు నాలుగు రోజులు తీసుకుని, ప్రశ్న ఏమీ వేయకుండా, ‘బస్సులో మీ తాతకు కిటికీ పక్క సీటు దొరుకుతుందని అనుకుంటున్నాం’ అని రాశారు. నియమం తప్పారు. నేను ఏమీ అనలేదు.

వీడియోలో కలిసే రోజు

రెండు ఉత్తరాలు నడవకముందు వీడియో పెట్టకండి. ఒకరినొకరు ఎరగని ఎనభై మంది పిల్లలు తెర ముందు కూర్చుంటే చేతులు ఊపడం తప్ప జరిగేది ఉండదు. ఒక్కసారి, అరగంట, అది చాలు. జట్టుకు ఒకరు, చేతిలో ఒక వస్తువు. మా వాళ్లు గునుగు పూలు, లాడ్‌బజార్ లక్క గాజు పట్టుకొచ్చారు. అటునుంచి జీడి పిక్క, వల అల్లే సూది వచ్చాయి. మైకు ఒక్కటే తెరిచి ఉంచండి. రెండు తెరిస్తే కీచుమంటుంది.

విదేశానికి రాసేటప్పుడు

మారిషస్ తెలుగువాళ్ల పూర్వీకులు పంతొమ్మిదో శతాబ్దంలో కోరంగి, విశాఖ రేవుల నుంచి ఓడలెక్కి చెరకు తోటల పనికి వెళ్లినవాళ్లు. పిల్లలు ఇంట్లో ఎక్కువగా క్రియోల్ మాట్లాడతారు, బడిలో తెలుగు నేర్చుకుంటారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. మా వాళ్లు ఈ సంగతి విని ఒక పట్టాన నమ్మలేదు. వాళ్లకు రాసేటప్పుడు వాక్యాలు చిన్నవి చేయాలి, పక్కన ఇంగ్లిష్‌లో సారాంశం పెట్టాలి. అనువాద యంత్రాన్ని వాడండి గాని, అది చేసినదాన్ని పిల్లల చేత చదివించకుండా పంపకండి. బతుకమ్మను అది రెండు ముక్కలు చేసి ‘జీవించు, తల్లీ’ అన్న అర్థంలో తిప్పింది. ఒక అమ్మాయి అది చదివి, తప్పేమీ కాదు కదా మేడం అంది. అయినా దిద్దాం.

మార్కులు, ముగింపు పనులు

మార్కులు వేయక తప్పకపోతే అక్షర దోషాలకు కాదు, మొదటి ఉత్తరానికీ మూడో ఉత్తరానికీ మధ్య వచ్చిన తేడాకు వేయండి. దోషాలను పెన్సిల్‌తో గుర్తు పెట్టి పిల్లలనే దిద్దుకోమనండి.

చివరి వారంలో ఉత్తరాలన్నీ ఒక చిన్న పుస్తకంగా కూర్చండి. ఏ ఉత్తరం చేర్చాలో రాసినవారే చెప్పాలి. డయాలిసిస్ బస్సు ఉత్తరం అందులో లేదు, వాడే వద్దన్నాడు. పీడీఎఫ్ చేసి జతబడికి పంపి, ఇక్కడ నలుపు తెలుపులో జిరాక్స్ తీయించి స్టేపుల్ చేస్తే సరిపోతుంది. తర్వాత ఆన్‌లైన్ పత్రానికి ఇచ్చిన అనుమతులన్నీ తీసేయండి, సంతకాల లేఖలను ఫైల్లో పెట్టండి, ఫోనులో మిగిలిన ఫొటోలు చెరిపేయండి. ప్రతులు లెక్క వేసుకునేటప్పుడు పిల్లలకు ఒక్కొక్కటి కాకుండా నాలుగైదు ఎక్కువ తీయించండి. మాకు ఒకటి తక్కువైంది. బోనం కుండ నాయనమ్మ తనకు విడిగా ఒకటి కావాలని బడికి వచ్చింది. చదవడం రాదు, తన పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. కట్టుబాటు ప్రకారం పేరు వేయలేదని చెప్పి, ‘నాయనమ్మ’ అన్న మాట చూపించాను.